గుర్రాల కోత మిషన్లని 19వ శతాబ్దంలో అమెరికా రైతులకి ఎలా అమ్మారు? తరచుగా అడిగే ప్రశ్నలు

పశ్చిమగోదావరిలో వ్యవసాయ పనిముట్లు అమ్మే షాపులో చాలా ఏళ్ళు పనిచేశాను. కొత్త మిషను చూడ్డానికొచ్చిన రైతు ధర అడిగేవాడు, డీజిల్ ఎంత తాగుద్దని అడిగేవాడు, చివర్లో లేచి వెళ్ళబోతూ అసలు ప్రశ్న అడిగేవాడు. "కోతల టైములో ఆగిపోతే ఎవరొస్తారండీ?" దీనికి సరైన జవాబు 1850 నాటికే అమెరికాలో ఒకాయన అచ్చేసిన కాగితం మీద రాసిచ్చి మిషన్లు అమ్మాడని తెలిసినప్పట్నుంచి ఈ కథ నన్ను వదల్లేదు. తెలిసినవాళ్ళకి చెప్తుంటే అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకని అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా.

ఏ మిషను గురించి మాట్లాడుతున్నాం?

రీపర్. గుర్రాలు లాగే గోధుమ కోత మిషను. ఇంజను లేదు, ఆవిరి లేదు. పక్కన ఒక పెద్ద ఇనప చక్రం ఉంటుంది, గుర్రాలు బండిని లాగితే ఆ చక్రం తిరుగుతుంది, దాని తిరుగుడుతోనే పళ్ళున్న కత్తి అటూ ఇటూ ఆడుతుంది. కత్తి ముందు వేళ్ళలాంటి ఇనప ముక్కలు మొక్కని కదలకుండా పట్టుకుంటాయి, పైన గాలిమరలాంటి రీలు పైరుని కత్తి మీదకి వంచుతుంది, కోసిన పైరు వెనక బల్ల మీద పడుతుంది. మొదట్లో ఒక మనిషి మిషను పక్కనే నడుస్తూ బల్ల మీద పడ్డదాన్ని పళ్ళున్న కర్రతో లాగి కింద పడేసేవాడు, వెనకాల కూలీలు ఏరి పనలు కట్టుకునేవాళ్ళు. అంటే కోత వరకే మిషను, కట్టడం అంతా మనుషులే. ఇది గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరకి మళ్ళీ వస్తా.

ఎద్దులు ఎందుకు కాదు, గుర్రాలే ఎందుకు?

కత్తి వేగం నడక వేగం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి. ఎద్దు నిదానంగా నడిస్తే కత్తి కూడా నిదానంగా ఆడుతుంది, పైరు తెగకుండా నలిగి ఇరుక్కుపోతుంది.

రైతుకి అసలు ఈ మిషను అవసరం ఏమొచ్చింది?

గోధుమ పండిన తర్వాత చేలో ఆగదు. ఇంచుమించు పది రోజులు, మహా అయితే రెండు వారాలు, ఆ లోపు కోయకపోతే గింజ రాలిపోతుంది, మధ్యలో వానొస్తే ఇంకా ఘోరం. మామూలు కొడవలితో ఒక మనిషి రోజంతా కోసినా అరెకరం, ముప్పావు ఎకరం. క్రేడిల్ అని పొడుగు కర్రకి కత్తీ దాని వెంట చెక్క పళ్ళ చట్రమూ కట్టిన పెద్ద కొడవలి ఉండేది, దాంతో గట్టి మనిషి రెండెకరాల దాకా కోసేవాడు. రీపర్ అయితే రోజుకి పదీ పన్నెండు ఎకరాలు.

ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవా వైపు ప్రెయిరీ నేలలు చూస్తే కనుచూపు మేర చదునే, రాళ్ళు లేవు, చెట్ల మొద్దులు తక్కువ, భూమి చవక. ఎంత విత్తుకోవాలంటే అంత విత్తుకోవచ్చు కానీ కోసే చేతులు లేవు. కూలికొచ్చే మనిషి కూడా నాలుగేళ్ళలో సొంత భూమి కొనుక్కుని వెళ్ళిపోతాడు. కాబట్టి ఎంత విత్తాలన్నది ఎంత భూమి ఉందో చూసి కాదు, ఆ పది రోజుల్లో ఎంత కోయగలమో చూసి తేల్చుకునేవాళ్ళు. మిషను అమ్మేవాళ్ళకి పట్టు దొరికింది ఇక్కడే. రైతుకి భయం ఉన్న పది రోజులు ఏవో వాళ్ళకి తెలుసు.

దీన్ని కనిపెట్టింది మెకార్మిక్ కదా?

పేరైతే సైరస్ మెకార్మిక్‌దే ఎక్కువ వినిపిస్తుంది. 1809లో వర్జీనియాలోని రాక్‌బ్రిడ్జ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) పుట్టాడు, 1831లో స్టీల్స్ టావెర్న్ అనే ఊరి దగ్గర మొదటిసారి మిషను నడిపి చూపించాడని చెప్తారు, 1834 జూన్‌లో పేటెంటు తీసుకున్నాడు. కానీ ఓబెడ్ హస్సీ అనే ఆయన అంతకు కొన్ని నెలల ముందే, 1833 డిసెంబరు చివర్లో, తన మిషనుకి పేటెంటు తీసేసుకున్నాడు. వాళ్ళిద్దరికంటే ముందు స్కాట్లండులో ప్యాట్రిక్ బెల్ 1828 నాటికే ఒక రీపర్ చేశాడు, ఆయన పేటెంటే తీసుకోలేదు. సైరస్ నాన్న రాబర్ట్ మెకార్మిక్ ఇదే మిషను కోసం ఏళ్ళ తరబడి తంటాలుపడి వదిలేశాడు, అందుకే తర్వాత తమ్ముడు లియాండర్ అసలు కనిపెట్టింది మా నాన్నే అని గొడవపడ్డాడు.

ఇంకో మనిషి ఉన్నాడు, జో ఆండర్సన్. మెకార్మిక్ కుటుంబం దగ్గర బానిసగా ఉన్న నల్లజాతి మనిషి, కొలిమి దగ్గర సైరస్‌తో కలిసి ఈ మిషను తయారుచేసింది ఆయనే. కంపెనీ తర్వాత దశాబ్దాల పాటు "మొదటి రీపర్ పరీక్ష" అని రంగురంగుల బొమ్మలు అచ్చేసి షాపుల్లో, ఇళ్ళల్లో వేలాడదీయించింది, ఆ ప్రచారమంతా ఒక్క సైరస్ పేరు చుట్టూనే తిరిగింది. 1831 నాటి ఆ కథ కూడా సరుకులో భాగమే, మిషనుతో పాటు దాన్నీ అమ్మారు. ఎవరి పేరు మోగాలో ఎవరి పేరు మరుగునపడాలో కూడా ఆ అమ్మకమే తేల్చింది, ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

1831లో మిషను తయారైతే వెంటనే అమ్ముడుపోయిందా?

లేదు. 1833లో మెకార్మిక్ వర్జీనియాలోని లెక్సింగ్టన్ పత్రికలో 50 డాలర్లకి ఇస్తానని ప్రకటన ఇచ్చాడు, జనం కదల్లేదు. మధ్యలో ఇనప బట్టీ వ్యాపారంలోకి దిగాడు, 1837 ఆర్థిక సంక్షోభం తర్వాత అదీ మునిగి అప్పులు మిగిలాయి. 1840 దగ్గర ఒకటీ రెండూ అమ్మాడు, 1842లో ఏడు, 1843లో 29, 1844లో 50. పదమూడేళ్ళకి ఏడాదికి 50 మిషన్లు, ఇంతే.

రైతులు మొండివాళ్ళనీ కొత్తది ఒప్పుకోరనీ కొందరు దీనికి కారణం చెప్తారు, నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో మిషను నిజంగానే సరిగ్గా పనిచేసేది కాదు. 1832లో లెక్సింగ్టన్ దగ్గర రఫ్ అనే రైతు ఎగుడుదిగుడు చేలో నడిపితే గింజలన్నీ రాల్చేస్తోందని ఆయన ఆపించేశాడని, పక్క చేను రైతు కంచె తీసి మా చేలో నడుపుకో అన్నాడని కుటుంబం వాళ్ళు చెప్పుకునే కథ. ఏడాది కష్టమంతా చేలో నిలబడి ఉన్నప్పుడు ప్రయోగాలకి ఎవరిస్తారండీ? రఫ్ చేసినదాంట్లో నాకు తప్పేం కనపడదు.

మరి ఎప్పుడు మారింది?

మెకార్మిక్ ఊరు మారినప్పుడు. వర్జీనియా కొండల నేల, చిన్న చేలు. 1844 ప్రాంతంలో పడమటి రాష్ట్రాలు తిరిగి ప్రెయిరీ చూశాక ఈ మిషను పుట్టింది ఇక్కడికోసమే అని ఆయనకి అర్థమైంది. ముందు అక్కడక్కడా వేరే వర్క్‌షాపులకి లైసెన్సు ఇచ్చి చేయించాడు, న్యూయార్క్ రాష్ట్రంలో బ్రాక్‌పోర్ట్‌లో సీమోర్ అండ్ మోర్గన్ వాళ్ళు అలాగే చేశారు. కానీ లైసెన్సుకి తీసుకున్న వాళ్ళల్లో కొందరు నాసి సరుకు చేసేసరికి చెడ్డపేరు మాత్రం మెకార్మిక్‌కి వచ్చింది. దాంతో 1847లో షికాగోలో సొంత ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. అప్పటికి షికాగో బురద రోడ్ల చిన్న ఊరు, పదిహేడు వేల జనం. కానీ 1848లోనే కాలువ తెరుచుకుంది, రైలు మొదలైంది. ఊరి మొదటి మేయరు విలియం ఆగ్డెన్ 25,000 డాలర్లు పెట్టి వాటా తీసుకున్నాడు. 1849కి ఏడాదికి దాదాపు 1,500 మిషన్లు, తమ్ముళ్ళు విలియం, లియాండర్ వచ్చి చేరారు, లియాండర్ తయారీ, విలియం లెక్కలు.

ఇంకో సంగతి, 1848లో ఆయన అసలు పేటెంటు గడువు అయిపోయింది, పొడిగించమంటే ఒప్పుకోలేదు. అంటే ఇక ఎవరైనా చేసుకోవచ్చు. పోటీ ఒక్కసారిగా విరుచుకుపడింది, కొన్నేళ్ళలో డజన్ల కొద్దీ కంపెనీలు. పేటెంటు కాపాడదని తేలిపోయాక మిగిలింది అమ్మకం ఒక్కటే, అందుకే ఆయన గొప్పతనం మిషనులో కంటే ఆ తర్వాత చేసిన పనుల్లోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

ధర ఎంత, రైతు దగ్గర అంత డబ్బు ఎక్కడిది?

1850ల మొదట్లో ఇంచుమించు 120 డాలర్లు. మామూలు రైతుకి అది చాలా పెద్ద డబ్బు, పైగా మిషను కావాల్సింది కోతకి ముందు, డబ్బొచ్చేది కోత అయ్యి గోధుమ అమ్మాక. ఈ మధ్యలో ఉన్న నాలుగైదు నెలలే అసలు అడ్డం.

మెకార్మిక్ పెట్టిన పద్ధతి ఏంటంటే, మిషను తీసుకునేటప్పుడు 30 డాలర్ల దాకా కట్టాలి, రవాణా ఖర్చు రైతుదే, మిగతాది డిసెంబరు 1 కల్లా వడ్డీతో కట్టాలి. గోధుమ అమ్మిన డబ్బు చేతికొచ్చే టైముకి వాయిదా పెట్టాడు, అంటే మిషను కోసిన పంటే మిషను బాకీ తీరుస్తుందన్నమాట. మన దగ్గర పంట మీద ఇచ్చే అప్పుకి కూడా ఇదే లెక్క కాబట్టి మనకి కొత్తగా అనిపించదు, కానీ ఫ్యాక్టరీ సరుకుని, అదీ ఊరూ పేరూ తెలియని వేల మంది రైతులకి, ఇలా అరువు మీద అమ్మడం అప్పట్లో చాలా సాహసం. సింగర్ కుట్టుమిషన్ల వాయిదాలు కూడా 1856 దగ్గర మొదలయ్యాయి, ఇది అంతకంటే ముందు.

బేరం ఆడేవాళ్ళా?

ధర అచ్చేసి ప్రకటించేవాడు, అందరికీ ఒకటే ధర అనేవాడు. ఆ కాలంలో సంతలో ప్రతిదీ బేరమే కదా, రైతుకి పక్కోడు నాకంటే తక్కువకి కొన్నాడేమో అన్న అనుమానం లేకుండా చేశాడు. తర్వాత పోటీ ముదిరాక ఏజెంట్లు చాటుగా తగ్గించడం, పాత మిషను తీసుకుని కొత్తదివ్వడం అన్నీ వచ్చాయిలెండి.

ఆ రాతపూర్వక గ్యారంటీలో ఏముండేది?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. ఆర్డరు ఫారం అచ్చేసి ఉండేది, రైతు సంతకం పెట్టేది అందులోనే, కంపెనీ మాటా అందులోనే. గంటకి ఎకరంన్నర కోస్తుంది, చేత్తో కోసినదానికంటే గింజ తక్కువ రాలుస్తుంది, గట్టిగా తయారుచేశాం, సరిగ్గా నడపకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు అని.

దీంట్లో గొప్పతనం ఏంటంటే "బ్రహ్మాండమైన మిషను" అని ఊరికే అనలేదు, చేలో నిలబడి గడియారం పెట్టుకుని కొలవగలిగే మాట ఇచ్చాడు. ఎకరంన్నర కోసిందా లేదా? రైతు చూసుకోగలడు, పక్క రైతు సాక్ష్యం చెప్పగలడు. మా షాపులో అమ్మకాలు చేసేటప్పుడు కూడా నేను చూసింది ఇదే, గంటకి ఇంత పని అని అంకె చెప్పి మీ చేలోనే చూపిస్తాం రండి అంటే పెద్దాయనకి కూడా కుదుటపడేది, "నంబర్ వన్ సార్ ఇది" అంటే నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు.

ఏజెంటు అంటే ఎవరు, ఏం చేసేవాడు?

ఒక కౌంటీకో రెండు కౌంటీలకో ఒక ఏజెంటు, తరచూ ఆ ఊళ్ళో పేరున్న మనిషి, షాపువాడో కమ్మరో, కమీషన్ మీద చేసేవాడు. చలికాలంలో గుర్రం మీద ఊళ్ళు తిరిగి ఆర్డర్లు రాయించుకోవాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ ఎన్ని చేయాలో ముందే తెలియాలి. వసంతంలో రైల్లోనో పడవలోనో వచ్చిన మిషన్ల ముక్కలు దించుకోవాలి, బిగించాలి, రైతుకి నేర్పాలి. కోతలప్పుడు విరిగిన పళ్ళు, వేళ్ళు, కత్తిని ఆడించే పిట్‌మన్ కర్ర ఇవన్నీ స్టాకు పెట్టుకుని పిలిస్తే పరిగెత్తాలి. డిసెంబర్లో బాకీ వసూలు చేయాలి. ఈ మధ్యలో పోటీ కంపెనీ వాడు ఏం చేస్తున్నాడో షికాగోకి ఉత్తరం రాయాలి.

చూడండి, ఒకే మనిషి అమ్ముతాడు, బిగిస్తాడు, బాగుచేస్తాడు, మళ్ళీ అదే మనిషి డబ్బడగడానికి వస్తాడు. చెడ్డ మిషను అంటగడితే డిసెంబర్లో గుమ్మం ముందు నిలబడాల్సింది తనే. ఆ ఒక్క ఏర్పాటు వల్లే చాలామంది ఏజెంట్లు నిజాయితీగా ఉండక తప్పలేదనుకుంటా. అమ్మేవాడు ఒకడు, సర్వీసుకి ఫోన్ నంబర్ ఒకటి, ఫైనాన్సు వాడు ఇంకొకడు అయిపోయిన ఈ రోజుల్లో రైతు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియక తిరగడం నేను కళ్ళారా చూశాను.

బాకీలు అందరూ కట్టేవాళ్ళా?

లేదు. వానలు పోతే, పురుగు పడితే, గోధుమ ధర పడిపోతే డిసెంబరు 1 కాస్తా ఏడాదికో రెండేళ్ళకో జరిగిపోయేది. 1857, 1873 సంక్షోభాల్లో వసూళ్ళు బాగా దెబ్బతిన్నాయి. మెకార్మిక్ రైతులని కోర్టుకి లాగడానికి ఇష్టపడేవాడు కాదనీ వేచి చూసేవాడనీ చాలా గొప్పగా రాస్తారు, అది వ్యాపారం కూడా, ఒక ఊళ్ళో ఒక రైతు గుర్రాలు జప్తు చేస్తే ఆ ఊళ్ళో మళ్ళీ మిషను అమ్ముడుపోదు. కానీ ఆ ఓపికకి వడ్డీ నడుస్తూనే ఉండేది. అరువు వల్ల రైతుకి మిషను వచ్చిన మాట నిజమే, దాంతో పాటు డబ్బు కోసం ఎక్కువ విత్తాల్సి రావడం, అందరూ ఎక్కువ విత్తేసరికి ధర పడటం, ఇవి కూడా వచ్చాయి. రెండూ కలిపే చూడాలి.

పేపర్లో ప్రకటనలు ఎలా ఉండేవి?

ఎక్కువగా రైతుల ఉత్తరాలే. ఫలానా కౌంటీలో ఫలానా రైతు, ఇన్నెకరాలు కోశాను, ఇన్ని రోజులు పట్టింది, ఇంత మిగిలింది అని పేరుతో సహా. ఊరు పేరు ఉండేసరికి చదివినవాడు కావాలంటే వెళ్ళి అడిగి తెలుసుకోవచ్చు. "వర్జీనియా రీపర్" అన్న పేరు మీద మిషను బొమ్మ చెక్కించి వ్యవసాయ పత్రికల్లో, ఊరి పత్రికల్లో వేయించేవాడు. తర్వాత 1870లు 80ల్లో కంపెనీ సొంతంగా 'ఫార్మర్స్ అడ్వాన్స్' అని పేపరే నడిపింది. ఆ పాటికి లితోగ్రాఫులు, అంటే రంగుల అచ్చు బొమ్మలు వచ్చాయి, యుద్ధ ఓడల బొమ్మలు, పడమటికి సాగిపోతున్న బళ్ళ గుంపుల బొమ్మలు వేసి కింద మిషను పేరు వేసేవాళ్ళు, రైతులు వాటిని గోడకి తగిలించుకునేవాళ్ళు. మన కిరాణా షాపు క్యాలెండరు పద్ధతే.

పొలంలో పోటీలు పెట్టేవాళ్ళంట, నిజమేనా?

నిజమే, పెద్ద తిరునాళ్ళలాగా జరిగేవి. రెండు మూడు కంపెనీల మిషన్లు ఒకే చేలో పక్కపక్కన, చుట్టూ వందల మంది రైతులు, జడ్జీలు. హస్సీ, మెకార్మిక్ 1843లో వర్జీనియాలో రిచ్‌మండ్ దగ్గర తలపడ్డారు, అక్కడ మెకార్మిక్ పైచేయి. 1852లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో, 1857లో సిరక్యూజ్‌లో చాలా కంపెనీలతో పెద్ద పోటీలు జరిగాయి. ముదిరి ముదిరి రెండు మిషన్లని వీపులు కలిపి గొలుసులతో కట్టి ఏది విరుగుతుందో చూసేదాకా వెళ్ళిందని చెప్తారు, దాంతో గోధుమ కోతకేం సంబంధమో నాకైతే అర్థం కాదు.

పోటీలో ఓడిపోతే మంచిది కాదు గానీ ఓడినా ప్రకటన వేసుకునేవాళ్ళు, జడ్జీలు పక్షపాతం చూపించారనో, చేను తడిగా ఉందనో. అయినా రైతుకి దీనివల్ల నష్టం లేదు. గుర్రాలకి ఎంత బరువు పడుతోంది, మూల తిరిగేటప్పుడు ఏం వదిలేస్తోంది, వాలిన పైరుని ఎత్తుతోందా లేదా, ఇవన్నీ చూసి తెలుసుకునే అవకాశం అక్కడ దొరికినట్టు ఏ ప్రకటనలోనూ దొరకదు.

లండన్ ఎగ్జిబిషన్ కథ ఏంటి?

1851, లండన్లో క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనంలో పెట్టిన ప్రపంచ దేశాల ప్రదర్శన. అమెరికా వాళ్ళ భాగం వెలవెలబోతూ ఉంది. అక్కడ ఈ రీపర్ని చూసి టైమ్స్ పత్రిక ఎగతాళి చేసింది, సర్కస్ రథం, తోపుడు బండి, ఎగిరే యంత్రం మూడూ కలిపినట్టుందని. తర్వాత ఎసెక్స్‌లో టిప్ట్రీ ఊళ్ళో మెకీ అనే ఆయన ఫారంలో పరీక్ష పెట్టారు, వానకి తడిసిన చేను, పూర్తిగా పండను కూడా లేదు. ముందు హస్సీ మిషను ఇరుక్కుపోయింది, నడపడానికి హస్సీ అక్కడ లేడు. మెకార్మిక్ మిషను నల్లేరు మీద బండిలా సాగిపోయింది. పెద్ద పతకం వచ్చింది, అదే టైమ్స్ పొగిడింది. తర్వాత హస్సీ వచ్చి యార్క్‌షైర్ వైపు పరీక్షలో గెలిచాడు కూడా, కానీ మెకార్మిక్ ఆ పతకాన్ని ప్రకటనల్లో వాడుకున్నంతగా హస్సీ తన గెలుపుని వాడుకోలేకపోయాడు. హస్సీ కత్తి పనితనం నిజంగా బాగుండేది. ప్రచారం, ఏజెంట్లు, అరువు ఈ మూడూ చేతకాలేదంతే. 1860లో రైలు ప్రమాదంలో పోయాడు పాపం.

అబ్రహాం లింకన్‌కి దీంతో ఏదో సంబంధం ఉందంటారు?

ఉంది. రాక్‌ఫర్డ్‌లో జాన్ మానీ అనే ఆయన మిషన్లు జోరుగా అమ్ముడుపోతుంటే మెకార్మిక్ తర్వాత తీసుకున్న పేటెంట్ల మీద కేసు వేశాడు. మానీ తరఫున పెట్టుకున్న లాయర్లలో లింకన్ ఒకడు, కేసు ఇల్లినాయ్‌లో నడుస్తుందనుకున్నారు, 1855లో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి మారింది. అక్కడ ఎడ్విన్ స్టాంటన్ లాంటి పెద్ద లాయర్లు లింకన్‌ని అసలు లెక్కచేయలేదు, వాదించనివ్వలేదు. అదే స్టాంటన్‌ని 1862లో లింకన్ యుద్ధ మంత్రిని చేశాడు. కేసు మెకార్మిక్ ఓడిపోయాడు, సుప్రీంకోర్టులోనూ ఓడాడు. అమ్మకాలకి మాత్రం ఏం కాలేదు, ఆ రోజులకి ఏడాదికి 4,000 దాటాయి.

చిన్న రైతుకి ఇది గిట్టుబాటయ్యేదా?

పాల్ డేవిడ్ అనే ఆర్థిక చరిత్రకారుడు 1966లో లెక్క వేశాడు, 1850ల మొదట్లో సొంతంగా మిషను కొంటే గిట్టాలంటే దాదాపు 46 ఎకరాల పైరు ఉండాలని. చాలామందికి అంత లేదు. దానికి అలన్ ఆమ్‌స్టెడ్ అనే ఇంకో చరిత్రకారుడు జవాబిచ్చాడు, రైతులు ఒంటరిగా లెక్కలు వేసుకోలేదు కదా, ఇద్దరు ముగ్గురు కలిసి కొన్నారు, కొన్నవాళ్ళు పక్కవాళ్ళ చేలు కిరాయికి కోశారు అని. మన ఊళ్ళల్లో వరి కోత మిషను గంటకింత అని కిరాయికి తెచ్చుకునే ఎవరికైనా రెండో మాటే నిజమని వెంటనే తెలుస్తుంది. ఏజెంట్లు కూడా అన్నదమ్ములకి, ఇరుగుపొరుగుకి కలిపి అమ్మడానికి వెనకాడలేదు.

కూలీల సంగతి?

మొదటి రీపర్ కోసేవాళ్ళని తగ్గించింది, కట్టేవాళ్ళని తగ్గించలేదు. మిషను వేగానికి వెనక అయిదారుగురో ఎనిమిది మందో పనలు కడుతూ పరిగెత్తాలి. 1861-65 అంతర్యుద్ధంలో కుర్రాళ్ళందరూ సైన్యంలోకి పోయేసరికి మిషన్లకి గిరాకీ విపరీతంగా పెరిగింది. 1858లో డికాల్బ్ దగ్గర మార్ష్ అన్నదమ్ములు ఇద్దరు మనుషులు మిషను మీదే నిలబడి కట్టేలా హార్వెస్టర్ చేశారు. 1870ల్లో తీగతో తనే కట్టే బైండరు వచ్చింది, విథింగ్టన్ అనే ఆయన డిజైను, మెకార్మిక్ అమ్మాడు. కానీ తీగ ముక్కలు పశువుల కడుపులో పడుతున్నాయని, పిండిమరల్లో వస్తున్నాయని రైతులు గగ్గోలు. ఆ అసంతృప్తిని పట్టుకున్నది పోటీ కంపెనీ నడిపే విలియం డీరింగ్. జాన్ ఆపిల్‌బీ పురికొసతో ముడివేసే పరికరం 1878లో పేటెంటు తీసుకుంటే డీరింగ్ దాని మీద మొత్తం పెట్టుబడి పెట్టి 1880లో 3,000 దాకా అమ్మాడు. మెకార్మిక్ ఏడాదికే దారికి రావాల్సి వచ్చింది.

డీరింగ్ అంటే జాన్ డీర్ కంపెనీయేనా?

కాదు. చాలామంది పొరబడతారు. జాన్ డీర్ 1837లో నాగలితో మొదలుపెట్టిన కమ్మరి. డీరింగ్ మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చిన బట్టల వ్యాపారి, మిషన్ల గురించి ఏమీ తెలియకుండా దిగాడు.

పురికొస కూడా కంపెనీలే అమ్మేవా?

అమ్మేవి. ఒకసారి బైండరు కొంటే ప్రతి ఏడాదీ కొస కొనక తప్పదు. ధర పెంచితే రైతు ఏం చేయగలడు? మిన్నెసోటాలో దీనికి రైతులు ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చి 1890ల్లో స్టిల్‌వాటర్ జైల్లో కొస తయారుచేయించి చవగ్గా అమ్మించారు. ఖైదీల చేత చేయించిన పని అన్న బాధ ఒక పక్క ఉన్నా రైతులు అలా ఎదురు నిలబడటం చదివినప్పుడు నాకు సంతోషమేసింది. 1870ల్లో గ్రేంజ్ అనే రైతు సంఘం కూడా ఏజెంట్ల కమీషన్లు భరించలేక అయోవాలో సొంతంగా హార్వెస్టర్ తయారుచేయబోయింది, అది మాత్రం నష్టపోయింది.

"డెలివరీ డే" అంటే?

1880లు 90ల్లో ఏజెంటు తను అమ్మిన మిషన్లన్నీ ఒకేరోజు ఇచ్చేలా ఏర్పాటు చేసేవాడు. రైతులందరూ గుర్రబ్బళ్ళు కట్టుకుని ఊళ్ళోకి రావాలి, బ్యాండు మేళం, భోజనాలు, మిషన్లు ఎక్కించుకున్న బళ్ళు వరసగా వీధుల్లో ఊరేగింపు, చివర్లో ఫోటో. కొనని రైతు అరుగు మీద నిలబడి చూస్తుంటాడు. వచ్చే ఏడాది అమ్మకం అక్కడే మొదలయ్యేది.

చివరికి ఈ కంపెనీలన్నీ ఏమయ్యాయి?

1871 షికాగో అగ్నిప్రమాదంలో మెకార్మిక్ ఫ్యాక్టరీ మొత్తం కాలిపోయింది. మళ్ళీ కట్టడంలో భార్య నెట్టీ పట్టుదలే ఎక్కువంటారు, 1884లో ఆయన పోయాక కూడా వ్యాపారంలో ఆమె మాట చెల్లేది. 1886లో ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్మికుల మీద జరిగిన కాల్పుల తర్వాతే హేమార్కెట్ సంఘటన, అంటే షికాగోలో కార్మికుల సభ దగ్గర బాంబు పేలడం. పొలాల్లో డీరింగ్, మెకార్మిక్ ఏజెంట్లు ఒకళ్ళ ఆర్డర్లు ఒకళ్ళు చెడగొట్టుకుంటూ ఖర్చులు తడిసి మోపెడై, 1902లో మోర్గన్ బ్యాంకు మధ్యవర్తిత్వంతో మరో మూడు కంపెనీలతో సహా కలిసిపోయి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అయ్యాయి.

మన తెలుగు రైతులకి వీటితో ఏమైనా సంబంధం ఉందా?

గుర్రాల రీపర్‌తో లేదు, అది గోధుమ చేలకోసం చేసింది, మన వరి మడి బురదలో దాని చక్రం తిరగదు. కానీ ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టరే 1963లో మహీంద్రా, వోల్టాస్‌లతో కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా పెట్టింది, బి-275 ట్రాక్టరు అలా వచ్చిందే. మా షాపుకి ఒక పెద్దాయన అలాంటి పాత బండికి సామాన్ల కోసం వచ్చేవాడు, మహీంద్రా అనేవాడు కాదు, "మా ఇంటర్నేషనల్‌కి క్లచ్ ప్లేటు కావాలబ్బాయ్" అనేవాడు. మొదట్లో నాకు ఏ బండి గురించి అడుగుతున్నాడో అర్థమయ్యేది కాదు.